ఎడతెగని నివాసం: సటీకా తాత్పర్యము

మూలము: 1950 జనవరి 26 మొదలు నేటిదాకా తానుగానీ తల్లిదండ్రులుగానీ ఏజెన్సీలో ఎడతెగక కాపురమున్న గిరిజనుడే స్థానికుడు.

(జీవో 3, 2000 జనవరి 10. మాటలు మావి, భావం సర్కారువారిది.)

అవతారిక: మైదానం నుంచి వచ్చిన పంతుళ్లు బడికి డుమ్మా కొడుతుంటే, ఏజెన్సీ బడుల్లో పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అన్నారు. మంచిదే. మరి స్థానికుడెవడు? అందుకీ సూత్రం.

టీక: 1950 మొదలు = అరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్ననాటి నుంచి. ఆ తరువాత రాష్ట్రం రెండుసార్లు మారింది, 2022లో జిల్లా మారింది. కదలకూడనిది మనిషొక్కడే.

తానుగానీ = ఊరికే అన్నమాట. 2000లో దరఖాస్తు పెట్టే కుర్రాడు 1950 నాటికి పుట్టనేలేదు. భారమంతా తల్లిదండ్రులదే.

ఎడతెగక = ఇక్కడే వ్యాఖ్యాతకు చెమటలు. పోడుకని కొండ మారితే? ఏజెన్సీ దాటలేదు, సరే. తండ్రి గాజువాకలో గది అద్దెకు తీసుకుని ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ చేస్తున్నాడు; పిల్లలు నాయనమ్మ దగ్గర, ఓటూ రేషన్ కార్డూ ఊళ్లోనే. తెగిందా, సాగిందా? మూలం పలకదు.

విశేషము: అమెరికా శాస్త్రంలోనూ ఈ సూత్రముంది. మామూలుగా గ్రీన్‌కార్డుదారు పౌరసత్వానికి ముందు ఐదేళ్లు ఎడతెగక నివసించాలి. ఏడాదిపాటు దేశం బయటుంటే తెగినట్టే. కానీ అక్కడ పరిహారముంది, ఎన్-470 ఫారం. కార్డొచ్చాక ఒక ఏడాది గడప దాటకుండా గడిపినవాడు, విదేశీ వ్యాపారం చేసే అమెరికా కంపెనీ పనిమీద బెంగుళూరు వచ్చి, ఏడాది నిండకముందే ఆ ఫారం పెట్టి ఒప్పించుకుంటే నివాసం తెగదు. (ఐదేళ్లలో ముప్ఫై నెలలు ఒళ్లు అక్కడే ఉండాలన్న నిబంధన వేరు. కంపెనీ ఉద్యోగికి అది ఫారంతో తీరదు.) సముద్రం దాటినవాడికి ఫారముంది, అనంతగిరి ఘాటు దిగినవాడికి లేదు.

తాత్పర్యము: నాయనా, నీకు మేష్టరుద్యోగం కావాలంటే మీ నాన్న కూలికైనా కొండ దిగకుండా ఉండాల్సింది.

ఖండనము: 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ 1950 షరతు నిరంకుశమంది. అదే తీర్పులో నూరు శాతం రిజర్వేషనూ చెల్లదంది. అప్పటికే కొలువుల్లో ఉన్నవారిని మాత్రం షరతు పెట్టి వదిలింది. షరతు పోయిందని సంతోషించేవాడికి పోస్టు మిగల్లేదు. ఆ తర్వాత మన్యం బందుల్లో అడిగింది జీవో 3నే తిరిగి తెమ్మని.