చేతిలో గాలం ఉంటే చాలు

మా పాతబస్తీలో మగవాడు ఊరికే నిలబడి దేన్నైనా చూడటం నేరమేమీ కాదు. అనుమానం మాత్రం ఖాయం. శాలిబండ సందులో ఒక నిమిషం తలెత్తి పైకి చూడండి. ఇంకో ఇద్దరు వచ్చి వాళ్లూ తలెత్తుతారు. మూడో నిమిషానికి "ఎవరన్న దుంకుతుండ్రా?" అనే ప్రశ్న వస్తుంది. "లేదండీ, రావిచెట్టు మీద కంసాలి పిట్ట" అన్నామా, ఇక మన ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటారు.

మీరాలం చెరువు గట్టు మీద మొదటిసారి నీళ్లకేసి చూస్తూ నిలబడ్డప్పుడు, గాలం వేసుకుని కూర్చున్న ఒక చాచా లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "క్యా మియా, నౌకరీ గయీ క్యా?" అన్నాడు మెల్లగా. ఉద్యోగం ఉందన్నాను. "ఘర్ మే ఝగడా?" అదీ లేదన్నాను. అయినా నన్ను నీళ్ల అంచు నుంచి రెండడుగులు వెనక్కి లాగి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, తాగేదాకా వదల్లేదు. నేను చూస్తున్నది నీటికాకిని.

రెండోసారి బైనాక్యులర్స్ తీసుకెళ్లాను. అది ఇంకా పొరపాటు. బుచ్చిగాడు, అదే లకుముకి పిట్ట, చెరువు వదిలేసి ఎవరింటి డాబా మీదో వాలింది. నేనూ అద్దాలు అటు తిప్పాను. నలుగురు కుర్రాళ్లు చుట్టుముట్టారు. ఆ డాబా మీద బట్టలు ఆరేస్తున్నావిడ నాకు నిజంగా కనబడలేదు. కనబడలేదని వాళ్లకు చెప్పడమే నేను చేసిన తప్పు.

మూడోసారి వెదురు కర్ర, నైలాన్ దారం, గాలం, బెండు కొనుక్కుని వెళ్లాను. అంతే, ఆ రోజు నుంచి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా కదలకుండా కూర్చున్నా "పనిలో ఉన్నాడు" అన్నట్టు పక్కనుంచి పోతారు. 1931లో సాలిం అలీ నిజాం రాజ్యంలో పక్షుల లెక్క తీయడానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర తుపాకీ ఉండేది. ఆ రోజుల్లో నమూనాల కోసం పిట్టల్ని కొట్టేవారు. తుపాకీ పట్టుకున్నవాణ్ణి వేటగాడనుకుంటారు కాబట్టి, పొదల్లో ఎంతసేపు నక్కినా ఎవరూ ఏమీ అనుకుని ఉండరు. ఇంగ్లండులో ఐజక్ వాల్టన్ 1653లోనే చేపల వేట మీద పుస్తకం అచ్చేసి, అది ఆలోచనాపరుల కాలక్షేపమన్నాడు. ఈ సంగతి ఇంట్లో చెబితే, కాలక్షేపం అన్న మాటొక్కటే చెవిన పడింది.

మీరాలం చెరువు చూడవలసిన చెరువే. రెండు వందల ఏళ్ల కిందట దివాను మీర్ ఆలం కట్టించిన ఈ ఆనకట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాకారపు కమానులు, బొజ్జలు ముందుకు పెట్టి వరసగా నిలబడ్డ నవాబుల్లా నీటిని నెట్టుకుంటూ ఉంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు ఊరు తాగినవి ఈ నీళ్లే. ఇప్పుడు తాగమంటే గుర్రపుడెక్క కూడా ఆలోచిస్తుంది. పొద్దున్నే పక్కనున్న జూపార్కులో సింహం గర్జిస్తుంది. గట్టు మీద ఎవరూ ఉలిక్కిపడరు, గుడ్డి కొంగతో సహా.

ఆ కొంగే నా గురువు. బురద రంగులో, మెడ భుజాల్లోకి లాక్కుని, పెన్షన్ ఆఫీసు బెంచీ మీద ముసలాయనలా కూర్చుంటుంది. లేచి ఎగిరిందంటే గోనెసంచి దులిపితే మల్లెపూలు రాలినట్టు రెక్కలన్నీ తెలుపే. బుచ్చిగాడి సంగతి వేరే. జాతి పేరు చేపలవాడు, తినేది ఎక్కువగా మిడతలు, బల్లులు. వాణ్ణి చూస్తే నాకు ధైర్యం.

ఎందుకంటే నేను గాలానికి ఎర్ర గుచ్చడం మానేశాను. వానపాము మెలికలు తిరుగుతుంటే చేతులు రావు. మూడు వారాల తర్వాత చాచా నా దారం పైకి లాగి, ఖాళీ గాలాన్ని చూసి, మళ్లీ మొదటిరోజు చూపు చూశాడు. "సచ్ బోలో బేటా, నౌకరీ గయీ నా?"

మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు ఇంట్లో చేపల కూర ఉడకాల్సిందే. మా ఆవిడ "ఇన్ని దినాలు కూసున్నవ్, ఇయ్యాలన్న తేవా?" అంది. అదే పొద్దున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, దూద్‌బౌలి బత్తిని వారి చేప మందు కోసం జనం బారులు తీరి ఉంటారు. మందు పెట్టేది కొరమీను పిల్ల నోట్లోనే.

నాకూ కొరమీను పిల్లలే కనబడ్డాయి, గుర్రపుడెక్క సందులో. ఆకాశంలో మబ్బు లేదు, నీళ్ల మీద మాత్రం ఒకచోట చినుకులు పడుతున్నట్టుంది. వంగి చూస్తే వందల పిల్లలు, బియ్యపు గింజంతవి, పండుమిరప రంగువి, ఒకే ముద్దగా కదులుతున్నాయి. పైకి వచ్చి గాలి గుటక వేయడం, కిందికి పోవడం. కొరమీనుకు మొప్పలు చాలవు. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ముద్ద కింద మూరెడు నల్లటి నీడ, తల్లో తండ్రో. కప్ప ఒకటి ఇటు ఈదింది. నీడ ఒక్క ఉదుటున లేచింది. కప్ప ఉన్నచోట సుడి మిగిలింది.

"ఇక్కడ గాలం వేస్తే పిల్లల కోసం పెద్దది వచ్చి కరుస్తది" అన్నాడు చాచా నా పక్కన వంగి. "నక్కో. పాపం." అని, తనూ చూడటం మొదలుపెట్టాడు. ఎంతసేపో తెలీదు. వెనక సర్రుమని చప్పుడైంది. తిరిగేసరికి చాచా గాలం కర్ర నీళ్లలోకి పోతోంది.

ఇద్దరు మనుషులు వంగి నీళ్లలో దేవుతుంటే గట్టు మీద జనం చేరరూ? "ఎవరు వడ్డరు? పిలగాడా?" నేను నా కర్ర చాచి అటూ ఇటూ విసిరితే, నాలుగోసారికి గాలం చిక్కింది. నా జీవితంలో నా గాలానికి పడ్డ మొట్టమొదటిది చాచా గాలం. దాని చివర అరచేతి పొడుగు జిలేబీ చేప. అది ఎవరిదన్న దాని మీద గట్టంతా రెండు పార్టీలైంది. చివరికి మృగశిర కదా అని చాచా నా సంచిలో వేశాడు.

ఇంటి సందు మొదట్లోనే చింతపులుసు వాసన. నన్ను నమ్ముకోకుండా మా ఆవిడ రాత్రే బొచ్చె కొనిపెట్టుకుంది. సంచి తెరిచి చూసి, "పిల్లికి సరిపోతది" అంది. పెరట్లో వేశాను. పిల్లి మాత్రం తొందరపడలేదు. గోడ మీద ముడుచుకుని, తోక కొస ఒక్కటే ఆడిస్తూ, చేపకేసి చూస్తోంది. నేను మెట్టు మీద చప్పుడు కాకుండా కూర్చున్నాను.

"అన్నం సల్లారుతున్నది!" అని లోపల్నుంచి కేక.