సేవ నలుగురికీ కనపడాలంటే

సంఘంలో సేవ చేయాలని ఉబలాటపడుతున్నారా? అయితే చిన్న పనుల జోలికి పోకండి. ఆరాధనకు గంట ముందొచ్చి చాపలు పరిచినవాడి పేరు ఏ కరపత్రంలోనూ పడలేదు.

ఫ్యాను ఇవ్వండి. మూడు రెక్కల మీదా మీ పేరు, నాన్నగారి పేరు, ఊరు ఎర్ర పెయింటుతో రాయించండి. చిక్కల్లా ఒక్కటే, తిరిగితే కనపడదు. అందుకని ప్రసంగం సగమయ్యేదాకా స్విచ్ వేయనివ్వకండి. మరీ ఉక్కపోస్తే విసనకర్రలు పంచండి, వాటి మీదా రాసుకోవడానికి జాగా ఉంటుంది.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కొండమీద ప్రసంగంలో ఉంది కదా అని ఎవరైనా అంటే కంగారుపడకండి. ఎడమచేయి సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటుంది, తెలుసుకునే తీరికెక్కడిది దానికి? ఆస్పత్రిలో రొట్టె, అరటిపండు ఇచ్చేటప్పుడు మాత్రం రోగి కళ్ళు తెరిచేదాకా ఆగండి. ఫొటో బాగా వచ్చిందని చూసుకున్నాకే పండు వదలండి.

ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన రాత్రిని తలుచుకుని, శుభశుక్రవారం ముందురోజు కొన్ని సంఘాల్లో ఆ ఆచారం జరుపుతారు. మీ వంతు వస్తే పన్నెండుమందికీ ముందే కబురంపి, ఇంటిదగ్గర సబ్బుతో రుద్దుకుని రమ్మనండి. పొలంలోంచి నేరుగా వచ్చే పెద్దాయన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.

యొప్పేలో తబితా చేసిన పొరపాటు చేయకండి. ఆమె పోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిచ్చిన అంగీలు, వస్త్రాలు పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. వాటి మీద పేరు వేయించిందని మాత్రం ఎక్కడా లేదు. పాపం, ఎంత మంచి అవకాశం! క్రిస్మస్‌కు మీరు పంచే చీర రెండు ఉతుకులకు వెలిసినా ఫర్వాలేదు, కవరు మీద మీ ఫొటో వెలవకుండా చూసుకోండి.

1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించారు. మనకెందుకండీ ఆ మట్టి కొలతలూ, కూలి లెక్కలూ? పులిహోర పొట్లాలైతే ఒక్కపూటలో తేలిపోతుంది.

ప్రేమవిందు అయ్యాక కుళాయి వైపు వెళ్ళకండి. ముగింపు ప్రార్థన మీరే అందుకుని, గుండిగల చప్పుడు ఆగేదాకా సాగదీయండి. అక్కడ కొబ్బరిపీచు పట్టుకుని తోముతున్న అమ్మలకు వార్షికోత్సవంలో శాలువా కప్పుదామని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి. వాళ్ళను వేదిక ఎక్కిస్తే ఆ పూట గుండిగలు తోమేదెవరు?