ఆధార్ లేని చేపలు

కర్ణాటకలోని మా చిక్కబళ్ళాపురం జిల్లాలో నీళ్ళ కోసం భూమికి 1000 అడుగుల పైచిలుకు బెజ్జం పెడతారు. నీళ్ళు పడితే పడతాయి, లేకుంటే అప్పు పడుతుంది. చింతామణిలో మా ఇంటి బోరుకు నీళ్ళు పడ్డాయి గానీ, వాటితో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్ మీద సున్నం గడ్డకడుతుంది. వాటిని తిట్టిన నోటితోనే ఇప్పుడు పొగుడుతున్నాను. నేను తొట్టిలో పెంచే, ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలకు సరిగ్గా ఇలాంటి నీళ్ళే కావాలి. పీహెచ్ 8 చుట్టుపక్కల ఉండాలి, సున్నం దండిగా ఉండాలి. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళలో ఇందుకోసం పగడపు పొడి కొనుక్కొచ్చి తొట్టిలో పోస్తారట. మాకు ఆ ఖర్చు లేదు, కొళాయి తిప్పితే చాలు, మలావీ.

నీళ్ళ పేచీ తీరింది గానీ పేర్ల పేచీ తీరలేదు. ఆ సరస్సు పొడవు దాదాపు 580 కిలోమీటర్లు, ఎక్కువలో ఎక్కువ లోతు దాదాపు 700 మీటర్లు. అందులో వందల రకాల సిక్లిడ్ చేపలు. వాటిలో చాలామటుకు లోకంలో ఇంకెక్కడా దొరకవు. చిక్కబళ్ళాపురం అంగట్లో మాత్రం అన్నీ ఒకే తొట్టిలో, ‘ఆఫ్రికన్ మిక్స్’ అన్న ఒకే ఇంటిపేరుతో దొరుకుతాయి.

పసుపు చేపను చూపించి ‘ఇది మగదా, ఆడదా?’ అని అడిగారనుకోండి. కెన్యీ అయితే పసుపుది మగది, ఆడది నీలం. ఆరాటస్ అయితే పసుపు మీద నల్లచారలున్నది ఆడది, మగవాడు పెరిగేకొద్దీ నల్లబడతాడు. ఎలక్ట్రిక్ యెల్లో అయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పసుపే. ఇక పీకాక్‌లలో సింగారమంతా మగవాళ్ళదే. ఆడవాళ్ళు ఏ జాతిలో చూసినా అదే బూడిదరంగు, ఎవరింటి కోడలో అత్తలకే తెలియదు. కొందరు వ్యాపారులు హార్మోన్లు పెట్టి ఆ కోడళ్ళకూ రంగు తెప్పిస్తారు. ఆ మందు దిగిపోయినాక కొన్నవాడి మొహంలో రంగు దిగిపోతుంది.

పండితులకైనా ఈ తిప్పలు తప్పలేదు. ఎలక్ట్రిక్ బ్లూ అనే చేపను ఏళ్ళ తరబడి ‘అహ్లీ’ అని అమ్మారు. అహ్లీ వేరయ్యా, ఇది వేరయ్యా అని 1993లో ఆడ్ కోనింగ్స్ అనే సిక్లిడ్‌ల పండితుడు దీనికి ‘ఫ్రయరీ’ అని నామకరణం చేశాడు. అంగళ్ళ వాళ్ళు ఆ బారసాలకు వెళ్ళినట్టు లేరు, ఇప్పటికీ అహ్లీ అనే పిలుస్తున్నారు.

పోనీ రంగును నమ్ముకుందామంటే, ఈ మగవాళ్ళకు రంగు వచ్చేది పదవిని బట్టి. తొట్టి అచ్చం మా గ్రామపంచాయతీ. అధ్యక్షుడొక్కడే నిండురంగులో ఊరేగుతాడు. తక్కిన మగవాళ్ళు తన్నులకు జడిసి, వెలిసిన రంగులో ఆడవాళ్ళ మధ్య కలిసిపోయి రాతిసందుల్లో కాలం గడుపుతారు. అధ్యక్షుణ్ణి వలతో ఎత్తి వేరే తొట్టిలో వేయండి. నిన్నటిదాకా మనం అమ్మాయి అనుకున్నది నీలంచొక్కా తొడుక్కుని ప్రమాణస్వీకారానికి వస్తుంది.

ఈ గొడవ ఒకసారి బస్సెక్కింది. బాగేపల్లిలో మిత్రుడొకడు పీకాక్ పిల్లల్ని ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చాడు. ఒళ్ళో పెట్టుకుని చేళూరు మీదుగా చింతామణికి వస్తున్నాను. 2018లో మా జిల్లాలోనే బస్సెక్కిన కోళ్ళకు హాఫ్ టికెట్టు కొట్టిన సంగతి పేపర్లకెక్కింది కాబట్టి నాలో కొంచెం బెరుకు.

“సంచిలో ఏముండాదన్నా?” అన్నాడు కండక్టరు.

“ఆఫ్రికా చేపలు.”

“కూరకా?”

“చూసేదానికి.”

అతను సంచి ఎత్తి వెలుతురులో చూశాడు. “మొగవా, ఆడవా?”

“ఇంకా తెలీదప్పా. రంగు రావాల.”

“ఆడవైతే శక్తి స్కీములో ఫ్రీ. మొగవైతే టికెట్టు తీసుకోవాల.”

వెనకసీటు అక్క అందుకుంది. “ఆఫ్రికావంటావుండాడే, ఫ్రీకి కర్ణాటక ఆధార్ ఉండాల గదా?”

బస్సంతా నవ్వింది. కండక్టరు మాత్రం బాగా ఆలోచించి, “ఆరేండ్ల లోపల పిల్లోళ్ళు, పోనీలే” అని తీర్పు చెప్పి ముందుకు కదిలాడు.

ఆ పిల్లోళ్ళు పెరిగి సంసారంలో పడ్డారు. మగవాడు ఇసుకలో గుంట తవ్వి ఒళ్ళంతా వణికిస్తాడు. ఆడది గుడ్డు పెట్టి, పెట్టిన గుడ్డును పెట్టినట్టే నోట్లో వేసుకుంటుంది. మగవాడి కిందిరెక్క మీద గుడ్డును పోలిన పసుపు చుక్కలుంటాయి. అవీ తన గుడ్లేననుకుని ఆమె నోరు పెడుతుంది, గుడ్లకు ఆ నోట్లోనే కడుపు పండుతుంది. ఇంత మోసంతో మొదలై ఇంత పద్ధతిగా సాగే కాపురం మనుషుల్లో నేను చూడలేదు.

అక్కణ్ణుంచి మూడు వారాల పాటు తల్లికి తిండి లేదు, గొంతు కింద సంచి మాత్రం ఉబ్బి ఉంటుంది. పక్కింటి అవ్వ చూసి, “దీనికి గవదబిళ్ళలు లేచినాయి, చూడబ్బోడా, మెతుకు ముట్టలేదు” అంది. పిల్లల్ని తొట్టిలోనే వదిలితే ఇరుగుపొరుగు ఫలహారం చేస్తారు. అందుకని దీపాలార్పినాక తల్లిని వలలో పట్టి, తడిచేతిలో గిన్నె మీద వంచి, కింది దవడను గోటితో మెల్లగా తెరిచాను. ముందు రెండు కళ్ళు కనబడ్డాయి. ఆ కళ్ళ వెనకే వెంట్రుకంత తోక. ఒకటి జారగానే తక్కినవి తోసుకుంటూ గిన్నెలోకి దూకాయి. “వాంతి చేసుకుంటా ఉండాదేమప్పా!” అంది అవ్వ.

పల్లె నుంచి వచ్చిన మా మామ అంతా చూసి, “ఇది మా చెరువులో జిలేబి చేపే గదా అల్లుడా. అదీ పిల్లల్ని నోట్లోనే పెట్టుకుంటాది” అన్నాడు.

నాకు రోషం వచ్చింది గానీ మాట నిజం. జిలేబి, అంటే తిలాపియా, ఈ సిక్లిడ్‌ల కుటుంబమే. అదీ ఆఫ్రికాదే. కూడుకు పనికొస్తుందని 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు చెరువు చెరువుకూ అదే. పుస్తకం తెరవకుండా, రంగు చూడకుండా, నడవడి చూసి కుటుంబం చెప్పినవాడు మామ ఒక్కడే. అందుకే మిక్స్ తొట్టిలో పుట్టిన పిల్లలకు నేను జాతిపేరు పెట్టి అమ్మను. చెరువులో అసలే వదలను, అక్కడికి జిలేబి చేసిన సేవ చాలు.

“రెండు తీసుకుపో మామా” అన్నాను.

“ఏం పేరు వీటికి?”

పీకాక్ అని చెప్పాను.

“వద్దులేప్పా” అన్నాడు. “పేరు తెలిసినాక కూరొండుకునేది కష్టం.”