మామకు సర్పి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ట్రిప్పు కోసం కాచుకునే క్యాబ్ డ్రైవర్లలో ఒక మామ తప్పక ఉంటాడు. 2008లో విమానాలు బేగంపేట వదిలి ఇటొచ్చినప్పటినుంచీ స్టీరింగు పడుతున్నాడు. వైద్యం కూడా అప్పటినుంచే. గ్యాసుకు వాము, షుగరుకు కాకరరసం. సర్పికైతే ఆయన స్పెషలిస్టు. "దవాఖానకు పోకు బిడ్డా, కుమ్మరి తాతతోని జాజు పూయించు. తలా తోకా కలిసిందా, మనిషి ఖతం!" అని భయపెట్టి మరీ పంపేవాడు.

చివరికి మామకే సర్పి లేచింది. ఛాతీ మీద లేచుంటే చొక్కా ఎత్తి అందరికీ చూపించేవాడే. లేచింది కుడి పిర్ర మీద.

మొదట మంట పుట్టింది. సీటు వేడని తేల్చి పూసల కవరు వేశాడు. మర్నాడు మొలలన్నాడు. ఆ తర్వాత నీటిపొక్కులు గుత్తిగా తేలాయి. 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పొడుగునా ఎడమ పిర్ర మీదే నడిపాడు. "అన్నా, పక్కకు ఒరుగుతున్నవేంది?" అంటే "అలైన్‌మెంటు పోయింది సార్" అన్నాడు.

కుర్రాళ్లు ఊరుకుంటారా? "మామా, కుమ్మరి తాతను పిలవాల్నా?"

"నోర్ముయ్!"

తలా తోకా బెంగ మాత్రం పోలేదు. రోజూ రాత్రి "ఎందాక పాకిందే?" అని అత్తను అడగడమే. "అది ఉన్నకాడనే ఉంది. నువ్వే ఇల్లంత తిరుగుతున్నవ్!"

ఆమే చర్మ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా, ఇప్పుడు మూత్రం సాఫీగా వస్తోందా అని డాక్టరమ్మ అడిగింది. ఆటలమ్మ తగ్గినా దాని వైరస్ నరాల మొదట్లో ఏళ్లకేళ్లు దాగి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేస్తుందట. సాధారణంగా ఒక నరం వెంబడి, ఒకవైపే పొక్కుతుంది కాబట్టి తలా తోకా కలిసే భయం లేదు. ముక్కు కొసనో, కంటి పక్కనో లేస్తే మాత్రం చూపుకే ముప్పు.

ఇప్పుడు మామ కొత్త పాట అందుకున్నాడు: "పొక్కులు తేలిన 72 గంటల్లోపల మందు పడాలె బిడ్డా!" కనిపెట్టింది తనే అన్నట్టు చెబుతాడు గానీ, మాట నిజమే. 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా కూడా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. ఖరీదెక్కువే, డాక్టరునడిగి వేయించుకోండి. మామను ఏదైనా అడగండి, ఎక్కడ లేచిందని మాత్రం అడక్కండి.