రంగూన్ షోన్ ఎజెక్టర్ కథ

షోన్ ఎజెక్టర్ గాలి ఒత్తిడితో మురుగును ఎగదోసే పోత ఇనుప యంత్రం. వేల్స్‌లోని రెక్స్‌హామ్‌కు చెందిన ఐజాక్ షోన్ 1878లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు భవనంలోనూ ఈ జాతి యంత్రాలు పనిచేశాయి. ఈ కథలోని ఎజెక్టర్ 1888–1890 మధ్య రంగూన్ నడిబొడ్డు వీధుల కింద పాతిన సుమారు 40 స్టేషన్లలో ఒకదానిది.

రంగూన్‌కు, అంటే నేటి యాంగోన్‌కు, ఇలాంటి యంత్రం అవసరమైంది నేల తీరు వల్ల. ఊరు పల్లం, పక్కనే ఆటుపోట్లున్న నది. మే నుంచి అక్టోబరు దాకా ఏటా సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పోటు వచ్చినప్పుడు నది మట్టం కాలువల మట్టాన్ని మించుతుంది కనుక వాలును నమ్ముకుని మురుగు పారించడం కుదరదు. ఎజెక్టర్ పని అక్కడే మొదలవుతుంది. ఇళ్ళ మురుగు వాలుగా పారి వీధి కింది గుంతలో ఉన్న ఇనుప పాత్రలో చేరుతుంది. నిండుతున్న మురుగు పైనున్న గంట ఆకారపు తేలును లేపగానే గాలి వాల్వు తెరుచుకుంటుంది. కేంద్ర కంప్రెసర్ స్టేషన్ నుంచి గొట్టాల్లో వచ్చే ఒత్తిడి గాలి లోపలికి దూకుతుంది. వచ్చే దారి రెక్క మూసుకుపోతుంది, పోయే దారి రెక్క తెరుచుకుంటుంది, మురుగంతా పెద్ద గొట్టంలోకి వెళుతుంది. పాత్ర ఖాళీ కాగానే కింద వేలాడే గిన్నె తన బరువుతో కడ్డీని దించి గాలిని ఆపుతుంది. లోపలి గాలి బయటికి పోయాక పాత్ర మళ్ళీ నిండడం మొదలవుతుంది.

యంత్రం దానంతట అది తిరిగినా, దాన్ని నమ్ముకున్న ఊరిని శుభ్రంగా ఉంచింది మనుషులు. గొట్టం చేరని ఇళ్ళలో పాయఖానాలు ఎత్తే పని, కాలువలు తీసే పని రంగూన్ మునిసిపాలిటీలో ఎక్కువగా భారతీయులదే. అందులో తెలుగువాళ్ళు పెద్ద వంతు. విశాఖపట్నం, కాకినాడ, కలింగపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి, మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని వాళ్ళు రంగూన్‌కు వచ్చారు. కోరంగీలని పిలిపించుకున్న ఆ కూలీలే రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1931లో రంగూన్ జనాభా 4,00,415 అయితే అందులో సగానికి పైగా భారతీయులు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక ఈ పనివాళ్ళు వేల సంఖ్యలో ఊరు విడిచారు. చాలామంది కొండలు దాటుతూ కాలినడకన భారతదేశం దారి పట్టారు, ఎందరో దారిలోనే చనిపోయారు. వాళ్ళు వెళ్ళగానే రంగూన్ పారిశుద్ధ్యం కుప్పకూలింది. నగరాన్ని బతికించేది ఎవరి చేతులో ఆ చలికాలం తేల్చి చెప్పింది.

ఎజెక్టర్ వ్యవస్థను దాదాపు 40,000 మంది కోసం కట్టారు. నగరం దాన్ని ఎన్నో రెట్లు మించిపోయింది. అయినా 2005 దాకా గొట్టాల్లోని మురుగు శుద్ధి లేకుండానే నదిలో కలిసేది. ఆ ఏడాది బొటటౌంగ్‌లో నగరంలోని మొదటి మురుగు శుద్ధి కేంద్రం మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 14,775 ఘనపు మీటర్లు. అక్కడ తొట్లలోకి గాలి ఊదుతారు. ఆ ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా మురుగులోని మలినాన్ని తినేస్తుంది, పేరుకున్న బురద అడుగుకు దిగుతుంది, తేరిన నీరు నదికి పోతుంది. ఎజెక్టర్‌లో మురుగును తోసేది గాలే, శుద్ధి కేంద్రంలో దాన్ని మార్చేదీ గాలే. మొదటి పని మురుగును కళ్ళ ముందు నుంచి తప్పిస్తుంది, రెండోది నదిని కాపాడుతుంది. నగరానికి రెండూ కావాలి.

కొత్త కేంద్రం కట్టినంత మాత్రాన పాత గొట్టాల బాధ తీరదు. పగుళ్ళలోంచి భూగర్భ జలం, వాన నీరు చొరబడితే మురుగు పలచబడుతుంది. బ్యాక్టీరియాకు చాలినంత తిండి దొరకక శుద్ధి కుంటుపడుతుంది. నడిబొడ్డుకు పడమరన, హ్లైంగ్ నది ఒడ్డున ఉన్న చిమిండైంగ్ సంగతి వేరు. 1877లో ప్రారంభమైన రంగూన్–ప్రోమ్ రైలు దారి మీది పాత పేట అది. బ్రిటిష్ వాళ్ళు కెమెండైన్ అనేవారు. ఎజెక్టర్ గొట్టాలు నడిబొడ్డుకే పరిమితం కనుక ఇలాంటి పేటల్లో ఇళ్ళు సెప్టిక్ ట్యాంకుల మీద, గోతి పాయఖానాల మీద ఆధారపడతాయి. ట్యాంకు నిండితే పంపు లారీ రావాలి. వానాకాలం నీరు నిలిస్తే గోతిలోది వీధి కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి వస్తుంది. 2014లో ముగిసిన జపాన్ సహకార సంస్థ జైకా అధ్యయనం 2040 వరకు చూపు సారించి నగరం మొత్తానికి నీరు, మురుగు, వరద కాలువల ప్రణాళిక వేసింది.

మురుగు పనిలో జనం పాలు కూడా ఉంది. నడిబొడ్డు ఇళ్ళ వరుసల వెనుక బ్రిటిష్ కాలంలో పారిశుద్ధ్యం కోసమే సన్నటి సందులు వదిలారు. ఏళ్ళ తరబడి పై అంతస్తుల నుంచి చెత్త పడి అవి ఎలుకల నిలయాలయ్యాయి. 2010ల చివర్లో దో ఎయిన్ అనే సంస్థ ఇరుగుపొరుగుతో కలిసి కొన్ని సందులను తవ్వి శుభ్రం చేసి, మొక్కలు నాటి, గోడలకు రంగులు వేసి, పిల్లలు ఆడుకునే చోట్లుగా మార్చింది. చెత్త తీసేసిన సందులో కాలువ మూత కనిపిస్తుంది, మరమ్మతు మనిషి దాన్ని చేరుకోగలడు. తోటకూ గొట్టానికీ లాభం ఒకేచోట కలుగుతుంది.

మిగిలిన భాగస్వాములు నదిలో ఉన్నాయి. గోదావరి జనం పులస అని ప్రాణం పెట్టే ఇలిష్ జాతి చేప ఐరావతి నదిలోనూ ఎదురీదుతుంది. చలికాలంలో సీగల్ పక్షులు వలస వచ్చి యాంగోన్ రేవుల మీద గుంపులు కడతాయి, పడవ ప్రయాణికులు వాటికి మేత వేస్తారు. మురుగు కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. చేప తగ్గితే దాన్ని తినే పక్షి తగ్గుతుంది, వల వేసే మనిషి రాబడి తగ్గుతుంది. మురుగునూ ప్రాణులనూ కలిపి చూడవచ్చని తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు రుజువు చేశాయి. నగరపు మురుగునీటిని చెరువుల్లో సూర్యరశ్మికీ నాచుకూ అప్పగించి అక్కడ చేపలు పెంచుతారు. సుమారు 12,500 హెక్టార్ల ఆ ప్రాంతానికి 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది.

కాబట్టి యాంగోన్‌లో చేయాల్సిన పనికి ఒక వరుస ఉంది. పగిలిన గొట్టాలు మార్చాలి. బొటటౌంగ్ కేంద్రాన్ని పెంచాలి. చిమిండైంగ్ లాంటి పేటల ట్యాంకుల బురదకు శుద్ధి చోటు చూపాలి. సందులను ఇళ్ళవాళ్ళ చేతికివ్వాలి. కాలువల్లో దిగే మనుషులకు యంత్రాలు, రక్షణ తొడుగులు, గౌరవమైన జీతం ఇవ్వాలి. నదీ తీరాన మడ చెట్లకు, పక్షులకు చోటు వదలాలి. ఇవి జరిగాక విద్యుత్ పంపులు పనిని అందుకుంటాయి, నూరేళ్ళు దాటిన ఎజెక్టర్‌ను గుంతలోంచి తీసి పక్కన పెట్టవచ్చు.