జర ఆగుండ్రి!

నేను టీకాల డబ్బాను. బుధవారమో శనివారమో వచ్చిందంటే న్యాల్‌కల్ మండలంలో ఏదో ఒక ఊరి అంగన్‌వాడీలో ఉంటాను. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది. అప్పటినుంచి మావాళ్లు ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. నా కడుపులో నాలుగు ఐస్ ప్యాకులు, నడుమ మందు సీసాలు. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాయడమే నా కొలువు.

ఎండకే మందు పాడవుతుందని జనం అనుకుంటారు. నాకు గడ్డకట్టే చలి అన్నా అంతే భయం. ఐదు రోగాలకు ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్ ఒక్కసారి గడ్డకడితే, కరిగినా ఇక పారబోయడమే. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకులను సిస్టర్ వెంటనే నాలో సర్దదు. అవి చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు గలగలమనేదాకా బయటే పెడుతుంది. బయట బండివాడు ఎంత హారన్ కొట్టినా సరే!

జలుబు చేసిందని పిల్లను వెనక్కి తీసుకుపోయే తల్లులున్నారు. జలుబు అడ్డం కాదు. పోయినసారి సూదికి ఒళ్లు తేడా చేసి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

అసలు పంచాయితీ సూది పడ్డాకే.

"ఏసినవ్ గదా బిడ్డా, ఇగ పోతం" అంటుంది అవ్వ.

"జర ఆగు అవ్వా, అర్ధగంట."

ఎక్కడో ఒకరికి దద్దుర్లు లేచి ఊపిరాడకపోతే, అది ఎక్కువగా ఆ కాసేపట్లోనే తెలుస్తుంది. అప్పుడు పొడవాల్సిన అడ్రినలిన్ సిస్టర్ సంచీలో ఉంటుంది, చెరకు తోట నడుమ దొరకదు.

ఇంటికెళ్లాక ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు, చిరాకు మామూలే. పారాసెటమాల్ సిస్టర్ చెప్పిన కొలతలోనే పోయాలి. వాపు మీద పసుపు, సున్నం పెట్టొద్దు, రుద్దొద్దు, పాలు మానొద్దు. భుజానికి బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానికీ ఆగడమే మందు. ఫిట్స్, ఆయాసం, గంటల తరబడి ఏడుపు, దిగని జ్వరం కనిపిస్తే మాత్రం ఒక్క ఘడియ ఆగొద్దు. 108కి ఫోన్ కొట్టండి.

ఆగనిది ఇంకొకటుంది. తట్టు టీకా పొడిలో దాని నీళ్లు కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు. పొలం పని ముగించుకుని సాయంత్రం పిల్లను ఎత్తుకొచ్చిన తల్లికి సీసాలో మిగిలిన మందు కనిపిస్తుంది, సిస్టర్ వేయనంటుంది. ఆమెకు కోపమొస్తుంది. కార్డు మీద వచ్చే తారీఖు రాయించుకుని పోతుంది.