ఉచితంగా ఊరిని ఆడించడం ఎలా?

మొబైల్ గేమ్ తయారుచేసి కోట్లు గడించాలని ఉందా? ముందుగా ఆట బాగుండాలన్న చాదస్తం వదిలేయండి. 'ఉచితం' అని బోర్డు పెట్టండి, చాలు. డబ్బిచ్చి కొన్నవాడు నచ్చకపోతే నిలదీస్తాడు. ఊరికే వచ్చినదాన్ని తిట్టడానికి ఎంతటివాడికైనా మొహమాటమే.

జనం వచ్చాక వాళ్లని ఆడనివ్వకండి. కిటుకంతా ఇక్కడే ఉంది. 2012లో వచ్చిన కాండీ క్రష్ సాగా ఐదు లైఫ్‌లు ఇస్తుంది. అవి అయిపోతే ఒక్కోదానికి అరగంట ఆగమంటుంది. కడుపునిండా పెడితే లేచి వెళ్లిపోతాడు, సగం విస్తట్లో లేపేస్తే వంటింటి చుట్టూనే తిరుగుతాడు. ఆగలేనివాడు డబ్బయినా కట్టాలి, ఎవరినైనా లైఫ్ అడుక్కోనైనా అడుక్కోవాలి. అడుక్కుంటే మనకి నష్టమనుకోకండి. పైసా జీతం లేకుండా పిన్నికీ, పదో తరగతి స్నేహితుడికీ, ఆఫీసులో మేనేజరుకీ మన ప్రచారం చేసిపెట్టేది ఆయనే. 2015 అక్టోబరులో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఢిల్లీ ఐఐటీకి వస్తే, మనవాళ్లు అడిగినవాటిలో ఎక్కువ ఓట్లు పడిన ప్రశ్న ఈ కాండీ క్రష్ పిలుపుల పీడ వదిలించుకోవడం ఎలాగన్నదే. అంతటి కీర్తి ఏ హోర్డింగు తెస్తుంది?

ఓడించేటప్పుడు గెలుపు గుమ్మంలో ఓడించండి. చెరపాల్సిన జెల్లీ ఒక్కటే మిగిలి ఉండగా ఎత్తులు అయిపోవాలి. సరిగ్గా అప్పుడే 'ఇంకో ఐదు ఎత్తులు కావాలా?' అని పక్కన నిలబడాలి. ధర రూపాయల్లో చెప్పకండి, మనిషి ఉలిక్కిపడతాడు. బంగారు కడ్డీలనో వజ్రాలనో చెప్పండి. వస్తువు వంద వజ్రాలైతే, ప్యాకెట్లో ఎనభై పెట్టి అమ్మండి. మిగతా ఇరవై కోసం ఆయనే మళ్లీ వస్తాడు.

బహుమతులు మాత్రం లెక్క ప్రకారం ఇవ్వకండి. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు గుర్తుంచుకోండి. ఎన్నో పోటుకి గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం మీటను వదలకుండా పొడుస్తూ ఉంటుంది.

ఆటగాడి నెత్తిన బాధ్యత కూడా ఒకటి పెట్టండి. 2009లో ఫేస్‌బుక్‌లో మొదలైన ఫామ్‌విల్‌లో స్ట్రాబెర్రీలు నాలుగు గంటలకి కోతకొచ్చేవి, వేళకి కోయకపోతే వాడిపోయేవి. సొంతూళ్లో చేను కౌలుకిచ్చి, 'వ్యవసాయం మనవల్ల కాదండీ' అని పట్నం చేరిన పెద్దమనిషి చేత కూడా అర్ధరాత్రి అలారం పెట్టించి కోత కోయించింది ఆ ఆట. 2020 డిసెంబరు 31న మూసేసినప్పుడు ఒక్క పండయినా ఇంటికి రాలేదు. అయినా నష్టపరిహారం కోసం ఎవరూ కలెక్టరాఫీసు ముందు ధర్నా చేయలేదు. ఇంత బుద్ధిమంతులైన రైతులు ఇంకెక్కడ దొరుకుతారు?

ఇంత చెప్పినా అనుమానమేనా? అయితే గేమ్ డిజైనర్ ఇయాన్ బోగోస్ట్ సంగతి వినండి. ఇలాంటి ఆటల్ని వెక్కిరించడానికే ఆయన 2010లో కౌ క్లికర్ తయారుచేశాడు. తెరమీద ఒక ఆవు. దాన్ని ఆరు గంటలకోసారి నొక్కాలి. అంతే ఆట. వేళాకోళమని తెలిసి కొందరూ, తెలియక కొందరూ వేలల్లో వచ్చి నొక్కారు, డబ్బు కూడా కట్టారు. విసిగిపోయిన ఆయన 2011లో ఆవులన్నిటినీ మాయం చేశాడు. కొందరు ఆవు లేని ఖాళీ చోటు కూడా నొక్కుతూనే ఉన్నారు.

కాబట్టి బొమ్మలు గీసేవాడికి అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి తీసుకోండి.